180 కంప్యూటర్లు, ఒక్క అడ్మిన్: అప్‌డేట్లన్నీ ఆపేయమంటున్నారు, ఏం చేయాలి?

ఒంటరి_అడ్మిన్
మా ఆఫీసులో విండోస్ కంప్యూటర్లు 180 దాకా ఉంటాయి. ఎక్కువ భాగం ప్రధాన భవనంలోనే, మిగిలినవి రెండు శాఖల్లో. అందులో ఒక శాఖకు ఉన్న నెట్ లైను మరీ సన్నది. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లను ఆఫీసు యంత్రాలకు పంచే విండోస్ సర్వర్ అప్‌డేట్ సర్వీసెస్, అదే డబ్ల్యూసస్, నాకు ముందు ఈ పని చూసినాయన పెట్టి వెళ్ళారు. కన్సోల్ తెరిస్తే సగంసార్లు ‘రీసెట్ సర్వర్ నోడ్’ అంటూ మొరాయిస్తుంది.

పోయిన నెల అప్‌డేట్ల తర్వాత లెక్కల విభాగంలో బిల్లుల ప్రింటింగ్ ఆగిపోయింది. రోజంతా బిల్లులు చేత్తో రాశారు. దాంతో మేనేజర్ గారు తీర్మానించేశారు: "పనిచేస్తున్నదాన్ని కదపవద్దు. అప్‌డేట్లన్నీ ఆపేయండి."

ఆపితే ఏమవుతుందో ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆపకపోతే మళ్ళీ ఏదీ చెడకుండా చూసుకోవాలి. రెండూ నా నెత్తినే ఉన్నాయి. ఇన్ని యంత్రాలు ఒక్కరే చూసుకునేవాళ్ళు ప్యాచ్‌లు, అంటే లోపాలు సరిచేసే అప్‌డేట్లు, ఎలా పంపిస్తున్నారు?

రీబూట్_రాజు
ముందు ఆ ఆదేశం మెయిల్లో తెప్పించుకోండి. మిగతా సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

పాతకాపు
రాజు గారు సరదాకు అన్నా అది మంచి సలహానే. సంతకం పెట్టాల్సి వచ్చేసరికి చాలామంది మనసు మార్చుకుంటారు.

మీ మేనేజర్‌కు చెప్పడానికి ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై దాడి ఒక్కటి చాలు. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. దాడి మొదలైంది మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలల గడువు ఉంది. బ్రిటన్ ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలు, అంటే ప్యాచ్ ఉండి కూడా వేసుకోనివి. అదే ఏడాది అమెరికా క్రెడిట్ సమాచార సంస్థ ఈక్విఫాక్స్ సంగతి చూడండి. వెబ్‌సైట్లకు వాడే అపాచీ స్ట్రట్స్ సాఫ్ట్‌వేర్‌లోని లోపానికి మార్చిలోనే సవరణ వచ్చినా వాళ్ళ పోర్టల్ ఒకదానిలో పడలేదు. మే నుంచి జూలై దాకా దొంగలు లోపలే తిరిగారు. 14 కోట్ల 70 లక్షల మంది వివరాలు పోయాయి. ప్రింటర్ ఆగిందని అప్‌డేట్లన్నీ ఆపేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టే.

నల్లతెర
వానాక్రై కథ అందరూ చెబుతారు. 2024 జూలై 19 మాత్రం ఎవరికీ గుర్తుండదు. భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెరతో కూలబడ్డాయి. విమానాలు ఆగిపోయాయి. ఆ రోజు మునిగింది బద్ధకస్తులు కాదు, అందరికన్నా ముందు అప్‌డేట్ అందుకున్నవాళ్ళు. మేనేజర్ గారి భయాన్ని కొట్టిపారేయకండి.

పాతకాపు
అది విండోస్ ప్యాచ్ కాదు కదా. భద్రతా సాఫ్ట్‌వేర్ తనకు తాను దింపుకున్న ఫైలు. రెండింటినీ ఒకే గాటన కడితే ఎలా?

నల్లతెర
కూలిన యంత్రం ముందు కూర్చున్న మనిషికి ఆ తేడాతో పనేముంది? యంత్రంలో కూర్చునే ఆ భద్రతా ప్రోగ్రాం (సెన్సర్) వెర్షన్‌ను కావాలనే ఒక మెట్టు వెనక ఉంచుకున్న సంస్థలు కూడా ఆ రోజు పడిపోయాయి. ఆ ఆలస్యం సెన్సర్‌కే వర్తించింది, ఆ ఫైళ్ళకు వర్తించలేదు. నేను అప్‌డేట్లు వద్దనడం లేదు. మీ అనుమతితో దిగేవి ఏవి, మిమ్మల్ని అడగకుండా నేరుగా దిగేవి ఏవి అన్న జాబితా ముందు రాసుకోమంటున్నాను. యాంటీవైరస్, బ్రౌజర్లు, ప్రింటర్ల కంపెనీల సహాయక ప్రోగ్రాములు, ఇలా రెండో జాబితా మీరు అనుకున్నదానికన్నా పొడుగే ఉంటుంది.

ఇంకొకటి. ఆ రోజు సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఫైలు తీసేస్తే సరిపోయేది. కానీ డిస్క్‌ను గుప్తీకరించే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కావాలి. కీలు ఎక్కడున్నాయో ఇవాళే చూసుకోండి.

పోర్టు443
ఒకచోట కీలన్నీ భద్రంగా షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టుకున్నారు. ఆ ఫోల్డర్ ఉన్న సర్వర్ కీ కూడా అందులోనే ఉంది.

కేబుల్‌కట్ట
తత్వం తర్వాత, ముందు సర్వర్ సంగతి చూద్దాం. ‘రీసెట్ సర్వర్ నోడ్’ వస్తే తొంభై పాళ్ళు విండోస్ వెబ్ సర్వర్ ఐఐఎస్‌లో డబ్ల్యూసస్ నడిచే భాగానికి (పూల్) మెమరీ చాలక అది కూలిపోతోందని అర్థం. దానికి వచ్చే ప్రైవేట్ మెమరీ హద్దు 18,43,200 కేబీ, అంటే రెండు జీబీలు కూడా లేదు. సర్వర్‌లో ర్యామ్ ఉంటే ఆ హద్దును 8 జీబీ చేయండి, లేదా సున్నా పెట్టి పూర్తిగా ఎత్తేయండి. వేచి ఉండే అభ్యర్థనల క్యూ పొడవు 1,000 ఉంటుంది, దాన్ని 2,000 చేయండి.

తర్వాత ఆయన ఏమేం టిక్ పెట్టి వెళ్ళారో చూడండి. ‘డ్రైవర్లు’ వర్గం ఎంచుకుని ఉంటే తీసేయండి, డేటాబేస్‌ను ఉబ్బించేది అదే. కొత్తవి వచ్చాక పనికిరాకుండా పోయిన పాత అప్‌డేట్లను డిక్లైన్ చేయండి. ఆ తర్వాత క్లీనప్ విజార్డ్ నడపండి. ఏళ్ళుగా ఎవరూ ముట్టని సర్వర్ అయితే మొదటిసారి అది గంటలు తింటుంది, మధ్యలో తెగుతుంది కూడా. మళ్ళీ నడపండి, ఆగిన చోటి నుంచి కొంత ముందుకు వెళుతుంది.

సందేహాలరావు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా డబ్ల్యూసస్‌లో కొన్ని కంప్యూటర్లు దోబూచులాడుతున్నాయి. ఒకటి కనిపిస్తే ఇంకొకటి మాయం. మొత్తం సంఖ్య మాత్రం ఎప్పుడూ తక్కువే. వైరస్సా?

కేబుల్‌కట్ట
వైరస్ కాదు. ఒకే డిస్క్ ఇమేజ్ నుంచి క్లోన్ చేసిన యంత్రాలు అయి ఉంటాయి. పాత యంత్రం గుర్తులు చెరిపే సిస్‌ప్రెప్ చేయకుండా కాపీ కొడితే అన్నిటికీ ఒకే సస్‌క్లయింట్‌ఐడీ (డబ్ల్యూసస్ యంత్రాన్ని గుర్తుపట్టే నంబరు) పడుతుంది. సర్వర్ దృష్టిలో అవన్నీ ఒకే యంత్రం, చివరగా పలకరించినదాని పేరు చూపిస్తుంది. ఒక్కొక్కదానిలో విండోస్ అప్‌డేట్ సర్వీస్ ఆపి, రిజిస్ట్రీలో ఆ ఐడీని, దాని పక్కనే ఉండే వ్యాలిడేషన్ విలువను తొలగించి, సర్వీస్ మళ్ళీ మొదలుపెట్టండి. కొత్త ఐడీ తనే పుట్టించుకుంటుంది. చేత్తో అక్కర్లేదు, స్టార్టప్ స్క్రిప్ట్‌లో పెట్టేయవచ్చు. కాకపోతే ఒక్కసారే నడిచేలా చూడండి, లేదంటే రోజూ కొత్త యంత్రాలు పుడుతూనే ఉంటాయి.

పెంగ్విన్_పక్షం
లైనక్స్‌కు మారండి. చర్చ ముగిసింది.

రీబూట్_రాజు
ఈయన ఇంకా రాలేదేమిటా అనుకుంటున్నాను.

లెక్కలగది
నేను ఐటీ మనిషిని కాదు, లెక్కల విభాగం. ఈ చర్చ కనబడితే ఆగలేకపోయాను. మీ అప్‌డేట్లు ఎప్పుడూ నెలాఖరులోనే ఎందుకు పడతాయి? మేము ఖాతాలు ముగించే రోజున, పదహారు ఫైళ్ళు తెరిచి ఉన్నప్పుడే ‘రీస్టార్ట్ చేయాలి’ అని వస్తుంది. ‘తర్వాత’ అనే మీట ఉంటే ఎవరైనా అదే నొక్కుతారు. ఎప్పటిలోగా చేయాలో, చేయకపోతే ఏమవుతుందో మాకు ఏనాడైనా ఎవరైనా చెప్పారా? మెయిల్ వస్తుంది, అందులో అంకెలు, అక్షరాలు తప్ప నాకు అర్థమయ్యే వాక్యం ఒక్కటీ ఉండదు.

రాత్రిడ్యూటీ
లెక్కలగది గారి ప్రశ్నకు సమాధానం క్యాలెండర్‌లోనే ఉంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ ప్యాచ్‌లు 2003 అక్టోబరు నుంచి నెలలో రెండో మంగళవారం వస్తున్నాయి. రెండో మంగళవారం 8, 14 తేదీల మధ్యే పడుతుంది. "రెండు వారాలు ఆగి చూద్దాం" అనే అడ్మిన్ ఎవరైనా సరే 22, 28 మధ్య అందరి మీదా వదులుతాడు. జాగ్రత్తపడుతున్నాననుకుంటూ సరిగ్గా ఖాతాల ముగింపు మీద పడేస్తాడన్నమాట.

అందుకే నేను విడతలను రోజుల్లో కాదు, విభాగాల పనిని బట్టి పెడతాను. బుధవారం ఉదయం పైలట్ యంత్రాలకు, అంటే ముందుగా పరీక్షించే కొన్నిటికి. రెండు రోజులు ఏ ఫిర్యాదూ రాకపోతే శుక్రవారం నుంచి మరో పాతిక శాతానికి. తర్వాతి వారం మిగతావాళ్ళందరికీ. లెక్కల విభాగం రెండో విడతలోనే అయిపోవాలి, చివరికి వదిలితే నెలాఖరుతో ఢీకొంటుంది. ఈలోగా మరీ ప్రమాదకరమైనది ఏదైనా వస్తే ఈ వరుస పక్కన పెట్టాల్సిందే. ఏది ప్రమాదకరమో తేల్చడానికి అమెరికా సైబర్ భద్రతా సంస్థ సిసా 2021 నవంబరు నుంచి నడుపుతున్న జాబితా చూస్తాను. దొంగలు ఇప్పటికే వాడుతున్న లోపాలే అందులో ఉంటాయి. తీవ్రత మార్కు పదికి 9.8 అని భయపడటం కన్నా ఆ జాబితాలో ఉందా లేదా అన్నది నాకు ముఖ్యం.

పాతకాపు
పైలట్‌లో ఎవరున్నారు? అది చెప్పండి ముందు.

రాత్రిడ్యూటీ
విభాగానికి ఒక యంత్రం. ఐటీ వాళ్ళవి లెక్కలోకి రావు.

పాతకాపు
అదీ మాట. ఐటీ గదిలో నాలుగు యంత్రాల మీద పరీక్షించి "అంతా బాగుంది" అనేవాళ్ళతో నాకు పేచీ. మన యంత్రాల్లో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉండదు, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉండదు, ఎప్పుడో రాసిన ఎక్సెల్ మాక్రో ఉండదు. చెడేవి అవే. ఒంటరి_అడ్మిన్ గారూ, పోయిన నెల ఆగిన ఆ ప్రింటర్ ఉన్న సీటే మీ మొదటి పైలట్ సీటు. అక్కడ కూర్చునే మనిషి గట్టిగా ఫిర్యాదు చేసే రకమైతే మరీ మంచిది. ఓర్చుకునేవాళ్ళు పైలట్‌కు పనికిరారు.

లెక్కలగది
గట్టిగా ఫిర్యాదు చేసేవాళ్ళు కావాలంటే మా విభాగంలో కొరత లేదు.

ఒంటరి_అడ్మిన్
అందరికీ ధన్యవాదాలు. పూల్ మెమరీ పెంచాను, కన్సోల్ నిలబడుతోంది. డ్రైవర్ల వర్గం నిజంగానే టిక్ పెట్టి ఉంది. ఇప్పుడు రెండు ప్రశ్నలు. ఆ ప్రింటింగ్ సంగతి: అప్‌డేట్ తీసేయాలని చూస్తే వూసా (విండోస్ అప్‌డేట్లు వేసే, తీసే కమాండ్) పద్ధతిలో తొలగడం లేదు. రెండోది సన్న లైను ఉన్న శాఖ. అక్కడ పాతిక యంత్రాలు ఒకేసారి దింపుకోవడం మొదలుపెడితే ఫోన్లు కూడా మూగబోతున్నాయి.

పోర్టు443
తొలగించడం గురించి: 2021 నుంచి సర్వీసింగ్ స్టాక్‌నూ (అప్‌డేట్లను అమర్చే భాగం) నెలవారీ ప్యాచ్‌నూ కలిపి ఒకే పొట్లంగా ఇస్తున్నారు. ఆ పొట్లం వూసాతో పోదు. డిస్మ్ అనే మరో కమాండ్‌తో ప్యాకేజీల జాబితా తీసి, అందులో నెలవారీ ప్యాచ్ పేరు పట్టుకుని తొలగించాలి. కానీ ఇవి క్యుములేటివ్, అంటే సవరణలన్నీ ఒకే మూటలో ఉండేవి కదా, ఒక్క ప్రింటర్ కోసం తీస్తే ఆ నెల భద్రతా సవరణలన్నీ పోతాయి. ముందు డ్రైవర్ చూడండి. 2021 ఆగస్టులో ప్రింట్‌నైట్‌మేర్ అనే ప్రింటింగ్ లోపానికి ఇచ్చిన సవరణలతో ప్రింటర్ డ్రైవర్ వేయడానికి అడ్మిన్ హక్కులు తప్పనిసరి చేశారు. ప్రింట్ సర్వర్‌లో ఒక డ్రైవర్ వెర్షన్, యంత్రంలో ఇంకొకటి ఉంటే వాడుకరికి పాస్‌వర్డ్ పెట్టె వస్తుంది, లేదా ఏమీ రాకుండా ప్రింట్ ఆగిపోతుంది. అలాంటప్పుడు ప్యాచ్‌ను తిట్టుకుని లాభం లేదు. రెండు చోట్లా ఒకే డ్రైవర్ పెడితే సరిపోతుంది.

కేబుల్‌కట్ట
శాఖ లైనుకు విండోస్‌లోని డెలివరీ ఆప్టిమైజేషన్ వాడండి. ఒక యంత్రం దింపుకున్న ముక్కలను పక్క యంత్రాలు దాని నుంచే తీసుకుంటాయి. 7680 పోర్టు శాఖ లోపల తెరిచి ఉండాలి. యంత్రాలు ఒకదాన్నొకటి కనుక్కోవడానికి ఇంటర్నెట్‌లోని మైక్రోసాఫ్ట్ డెలివరీ ఆప్టిమైజేషన్ సేవను కూడా అందుకోగలగాలి.

ఇందులో చాలామంది ఒక చోట బోల్తాపడతారు. డౌన్‌లోడ్ మోడ్ 1 పెడితే ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉన్నవన్నీ ఒకే ఇంట్లో ఉన్నాయనుకుంటుంది. మీ శాఖలు ప్రధాన ఆఫీసు ఫైర్‌వాల్ గుండానే ఇంటర్నెట్‌కు వెళుతుంటే, శాఖలోని యంత్రం ప్రధాన భవనంలోని యంత్రం నుంచి ముక్కలు లాగుతుంది. అదీ ఆ సన్న లైను మీదుగానే. ఉన్న సమస్య రెట్టింపవుతుంది. అందుకని మోడ్ 2 పెట్టి, శాఖకు ఒక గ్రూపు ఇవ్వండి. ఆఫీసు యంత్రాల, ఖాతాల పట్టిక అయిన యాక్టివ్ డైరెక్టరీలో సైట్లు సరిగ్గా గీసి ఉంటే వాటినే గ్రూపులుగా తీసుకుంటుంది. దాంతో పాటు పని గంటల్లో వేగానికి హద్దు పెట్టే పాలసీ ఉంది, అదీ వాడండి.

సందేహాలరావు
రాత్రిపూట దింపుకోమంటే పోదా? ఇంత తతంగం ఎందుకు?

రాత్రిడ్యూటీ
రాత్రి యంత్రాలు ఆన్‌లో ఉంటే కదా. నెట్‌వర్క్ ద్వారా యంత్రాన్ని లేపే వేక్ ఆన్ ల్యాన్ ఉందంటారు, నిజమే. బయోస్‌లో అనుమతించాలి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపాలి, లేపే ప్యాకెట్ బ్రాడ్‌కాస్ట్ కాబట్టి రౌటర్ దాటదు, శాఖలో ఒక యంత్రం మేల్కొని ఉండి మిగతావాటిని లేపాలి. ఇవన్నీ అమర్చాక పొదుపుగల మనిషి ఒకాయన వెళుతూ వెళుతూ గోడ మీద స్విచ్ ఆపేస్తాడు.

ఫాస్ట్ స్టార్టప్ మాట వచ్చింది కాబట్టి అందరూ చదవండి. "రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నాం, ఇంకా రీస్టార్ట్ ఎందుకు?" అని వాడుకరులు అడుగుతారు. వాళ్ళు నిజమే చెబుతున్నారు. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ కొట్టినా కర్నెల్ (విండోస్ మూలభాగం) పూర్తిగా దిగదు, దాని స్థితిని డిస్క్‌లో దాచుకుని పొద్దున్నే అదే లేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ చూడండి, వారాల తరబడి ఉంటుంది. దింపుకున్న ప్యాచ్ రీస్టార్ట్ కోసం అలాగే కాచుకుని కూర్చుంటుంది. గ్రూప్ పాలసీతో ఫాస్ట్ స్టార్టప్ తీసేస్తే నా లెక్కలో సగం బాధ పోతుంది.

మిగతా సగానికి గడువు పాలసీ. ఇన్ని రోజుల్లోగా వాడుకరే తనకు వీలైన సమయం ఎంచుకోవచ్చు, ఆ తర్వాత రెండు రోజుల వెసులుబాటు, అదీ దాటితే యంత్రమే రీస్టార్ట్ అవుతుంది. ఇది పెట్టే ముందు లెక్కలగది గారికి అర్థమయ్యే భాషలో రెండు వాక్యాల మెయిల్ పంపండి. కేబీ నంబర్లు (మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లకు ఇచ్చే గుర్తులు) అందులో రాయకండి.

లెక్కలగది
తేదీ, గంట చెబితే మేము ఫైళ్ళు దాచుకుని కాఫీకి వెళతాం. అంతకన్నా మాకేమీ అక్కర్లేదు.

నల్లతెర
బలవంతపు రీస్టార్ట్ నాకు ఇప్పటికీ నచ్చదు. రాత్రంతా లెక్క కట్టే ప్రోగ్రాం నడిచే యంత్రాలుంటాయి, గోడ మీది పెద్ద తెరకు అనుసంధానించిన యంత్రాలుంటాయి. వాటికి వేరే గ్రూపు, వేరే గడువు పెట్టండి. అందరికీ ఒకే పాలసీ రుద్దితే మొదటి వారంలోనే మేనేజర్ గారు మళ్ళీ "ఆపేయండి" అంటారు.

రాత్రిడ్యూటీ
ఇందులో మీతో గొడవ లేదు. కానీ ఆ ప్రత్యేక గ్రూపులో ఎవరున్నారో మూడు నెలలకోసారి చూడాలి. లేకపోతే పరపతి ఉన్న ప్రతివాళ్ళూ అందులోకి చేరిపోతారు.

పెంగ్విన్_పక్షం
ఇందాకటిది హాస్యానికి అన్నాను. నిజానికి మా వైపూ ఇదే బాధ. ఉబుంటు సర్వర్లలో తనంతట తానే అప్‌డేట్లు వేసే అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ పెట్టి అంతా అయిపోయిందనుకుంటారు. లైబ్రరీ ఫైలు డిస్క్‌లో మారుతుంది, కానీ నడుస్తున్న ప్రాసెస్ మాత్రం పాతదాన్నే మెమరీలో పట్టుకుని ఉంటుంది. నీడ్‌రీస్టార్ట్ అనే ప్రోగ్రాం నడిపితే ఆ చిట్టా బయటపడుతుంది. కొత్త కర్నెల్ సంగతి సరేసరి, రీబూట్ చేస్తేనే. ఒకేచోటి నుంచి చాలా సర్వర్లను నడిపే అన్సిబుల్‌లో సీరియల్ అమరికతో పది శాతం చొప్పున పంపుతాను, ఒక విడత విఫలమైతే తర్వాతిది మొదలే కాదు. విడతల సూత్రం ఏ వ్యవస్థకైనా ఒకటే.

పోర్టు443
ఇంకా ఎవరూ ముట్టనిది ఒకటుంది. డబ్ల్యూసస్ చూసేది మైక్రోసాఫ్ట్ ఉత్పత్తులనే. బ్రౌజర్, పీడీఎఫ్ రీడర్, జావా, వీడియో సమావేశాల ప్రోగ్రాములు వేరే దారి. వీటికి విన్‌గెట్, చాకొలేటీ, పీడీక్యూ డిప్లాయ్ లాంటివి వాడేవాళ్ళున్నారు. ఏది వాడినా వాడుకరి ప్రొఫైల్లో కూర్చున్న కాపీలను విడిగా వెతకండి. అడ్మిన్ హక్కులు లేనివాళ్ళు కొన్ని ప్రోగ్రాములను తమ ప్రొఫైల్లోకే దింపుకుంటారు. మీరు యంత్రం మొత్తానికి కొత్త వెర్షన్ పంపినా ఆ పాత కాపీ అలాగే ఉంటుంది, వాళ్ళు రోజూ తెరిచేది అదే.

పాతకాపు
దీనికి తోడు నివేదికల సంగతి. కన్సోల్‌లో పచ్చరంగు చూసి మేనేజర్‌కు 100 శాతం అని పంపకండి. ‘వర్తించదు’ అన్నదాన్ని కూడా డబ్ల్యూసస్ మంచి ఖాతాలోనే వేస్తుంది. గడువు తీరిన విండోస్ వెర్షన్ ఉన్న యంత్రానికి కొత్త ప్యాచ్‌లేవీ వర్తించవు కాబట్టి అది నిగనిగలాడుతూ కనిపిస్తుంది. విండోస్ 11 ప్రో 22హెచ్2కు మద్దతు 2024 అక్టోబరు 8నే ముగిసింది. అలాంటిది మీ దగ్గర ఉంటే పచ్చగానే ఉంటుంది. బిల్డ్ నంబర్లు తీసి చూడండి. తర్వాత డొమైన్‌లోని యంత్రాల జాబితా, యాంటీవైరస్ జాబితా, డబ్ల్యూసస్ జాబితా మూడూ పక్కపక్కన పెట్టండి. మూడింటి సంఖ్యా కలిసిన ఆఫీసు నేనింతవరకు చూడలేదు.

ఒంటరి_అడ్మిన్
చూశాను. డొమైన్‌లో 211 ఉన్నాయి. 180 అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

రీబూట్_రాజు
అభినందనలు, కవలలు పుట్టారు.

కేబుల్‌కట్ట
వాటిలో చాలావరకు పారేసిన యంత్రాల ఖాతాలే అయి ఉంటాయి, చివరి లాగిన్ తేదీ చూసి ముందు డిసేబుల్ చేయండి, వెంటనే తొలగించకండి. ఎవరైనా అరిస్తే అది బతికున్న యంత్రం.

ఒక హెచ్చరిక మరిచాను. డబ్ల్యూసస్ సర్వర్‌ను కూడా ప్యాచ్ చేయండి. 2025 అక్టోబరులో దానిలోనే తీవ్రమైన లోపం బయటపడింది. మొదటి సవరణ చాలక అదే నెల 23న అత్యవసరంగా ఇంకొకటి ఇచ్చారు, దాడులూ మొదలయ్యాయి. డబ్ల్యూసస్ వాడే 8530, 8531 పోర్టులు బయటి ఇంటర్నెట్‌కు కనిపించకూడదు. 2024 సెప్టెంబరులోనే దీనికి ఇక కొత్త సౌకర్యాలు రావని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ సర్వర్ 2025 వెర్షన్‌లోనూ అది ఉంది, పనిచేస్తుంది. ఇప్పుడే పరుగెత్తనక్కర్లేదు, కానీ ల్యాప్‌టాప్‌లు ఎక్కువైతే క్లౌడ్ పద్ధతుల గురించి వచ్చే బడ్జెట్‌లో అడగండి.

సందేహాలరావు
క్లోన్ ఐడీలు మార్చాను, అన్నీ కనబడుతున్నాయి. ఇప్పుడు మూడు విండోస్ 10 యంత్రాల్లో కేబీ 5034441 ప్రతిసారీ 80070643 తప్పుతో ఆగుతోంది. చాలాకాలంగా ఇంతే.

పోర్టు443
2024 జనవరిది. డిస్క్‌లోని రికవరీ విభజనలో 250 ఎంబీ ఖాళీ లేకపోతే అలాగే ఆగుతుంది. విభజనను చేత్తో పెంచాలి. అది బిట్‌లాకర్‌ను దాటే లోపానికి సవరణ, ఆ యంత్రాల్లో బిట్‌లాకర్ లేకపోతే తొందరేమీ లేదు. అయినా విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విభజన పెంచే ఓపికేదో వాటిని మార్చడానికి పెట్టండి.

సందేహాలరావు
అందులో ఒకటి డైరెక్టర్ గారిది. ఆ కీబోర్డు కూడా మార్చనివ్వరు.

పోర్టు443
బిట్‌లాకర్ ఉందా?

సందేహాలరావు
ఉంది.

పోర్టు443
అయితే ముందు రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. తర్వాత విభజన పెంచండి.